పెయ్యి మంచిగ లేదు

మా తేజగాడికి చిన్నప్పుడు తట్టు పోసింది, పెళ్ళయ్యాక బ్లాగు పోసింది. తట్టు వేపమండలకి లొంగింది. బ్లాగుకి ఏ మండా పనిచెయ్యలేదు.

తేజ నా తమ్ముడు రామబ్రహ్మం కొడుకు. హైటెక్ సిటీలో అద్దాల మేడలో ఉద్యోగం, హఫీజ్‌పేట స్టేషన్‌కి దగ్గర్లో అద్దె ఫ్లాటు, రసజ్ఞ అనే నెమ్మదైన భార్య, ‘గోధూళి’ అనే బ్లాగు. ఈ నాలుగింటిలో వాడు కన్నెత్తి చూసేది నాలుగోదాన్నే. నా కంట్లో శుక్లం తీయించుకోడానికి నేనూ, నాకు తోడుగా తమ్ముడూ కోనసీమ నుంచి వచ్చి వాళ్ళింట్లో దిగాం. నా కన్ను బాగుపడింది. బాగుపడ్డ కంటితో నేను మొట్టమొదట చూసింది మావాడి కంప్యూటరు మీద దుమ్ములో నిలబడ్డ ఆవుదూడ బొమ్మ.

"ఏరా, మనూరి పెయ్యదూడేనా?"

"కాదు పెదనాన్నా. నెట్లోంచి తీశాను. బ్లాగుకి ముఖచిత్రం."

"దాని తల్లికి చెప్పే తోలుకొచ్చావా?"

వాడు నవ్వలేదు. బ్లాగు పోసినవాళ్ళకి నవ్వు రాదు. బొమ్మ కింద ఒక మూల అంకెలు తిరిగే మీటరు ఒకటుంది. ఎంతమంది చూశారో చెబుతుందట. హిట్లు అంటారు. వాడు అన్నం కలుపుతూ దాన్నే చూస్తాడు, రసజ్ఞ మాట్లాడుతుంటే దాన్నే చూస్తాడు. మా ఊళ్ళో వరదొచ్చినప్పుడు గట్టు మీద కర్ర పాతి నీళ్ళెంత పెరిగాయో చూసేవాళ్ళం, అచ్చం అలాగే.

మొదట్లో బాగానే రాశాడు. వానలో లారీ దిగబడితే మా ఊరంతా కలిసి ఎలా లాగిందో రాశాడు. నలుగురు చదివారు, నలుగురూ మెచ్చుకున్నారు. అక్కడే చెడింది. నలుగురు మెచ్చుకున్నది నాలుగొందల మంది ఎందుకు మెచ్చుకోరని వాడికి దిగులు పట్టుకుంది. ఊరి కబుర్లు కట్టిపెట్టి సినిమాలు రాశాడు, షేర్లు రాశాడు, పొట్ట తగ్గడం ఎలాగో రాశాడు. పొట్ట వాడికే ఉంది. పేజీ తెరవగానే పైనుంచి పువ్వులు రాలేలా, దానంతటదే నాదస్వరం మోగేలా ఏర్పాటు చేశాడు. ఆ బరువుకి పేజీ ఎంతకీ తెరుచుకునేది కాదు. నేను మీట నొక్కి, స్నానం చేసి, ఇడ్లీ తిని వచ్చేసరికి దూడ మెడ దాకా వచ్చేది. తోక చూడాలంటే మధ్యాహ్నం కునుకు తీసి లేవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇంకొకళ్ళ బ్లాగులకి పోయి "చాలా బాగుంది, నా గోధూళి కూడా ఒకసారి చూడండి" అని అతికించి రావడం ఒక ఎత్తు. ఏం రాశారో చదవడు, అతికిస్తాడంతే. ఒకాయన వాళ్ళ నాన్న పోయారని రాసుకుంటే, దాని కింద కూడా "చాలా బాగుంది, ఇలాంటివి మరిన్ని ఆశిస్తున్నాం" అని పెట్టొచ్చాడు. రసజ్ఞ చూసి తల పట్టుకుంది.

"మావయ్యగారూ, మీరైనా చెప్పండి. ఇలా చేస్తే ఎవరొస్తారండీ?"

"వస్తారమ్మా, కర్రలు పట్టుకుని."

ఇంట్లో ఆ బ్లాగుని చూసి మురిసిపోయినవాడు ఒక్క రామబ్రహ్మమే. వాడికి కంప్యూటరు రాదు. కానీ కూరగాయల బండివాడు మొదలుకొని లిఫ్టులో కలిసిన కొత్తమనిషి దాకా అందరికీ "గోధూళి అని కొట్టండి, మావాడిదే" అని చెప్పేవాడు. మితభాషి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో రెండు గోధూళి, తేజ.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, గంటల తరబడి కరెంటు లేదు. అద్దాల మేడల్లో మాత్రం జనరేటర్లు పెట్టుకుని పనిచేస్తున్నారు. మా తిరుగు ప్రయాణానికి టిక్కెట్ల సంగతి కనుక్కొస్తానని రామబ్రహ్మం లోకల్ రైలెక్కి సికిందరాబాదు బయల్దేరాడు. కరెంటొస్తే ఎక్కుతుందని సెల్‌ఫోను గోడకి తగిలించి, దాన్ని గోడకే వదిలేసి వెళ్ళాడు. మధ్యాహ్నం టీవీలో చెప్పారు, ఉద్యమంవాళ్ళు ఎక్కడికక్కడ పట్టాల మీద కూర్చున్నారని, రైళ్ళన్నీ ఆగిపోయాయని.

సాయంత్రానికి జనం పట్టాల వెంట నడుచుకుంటూ హఫీజ్‌పేట వచ్చారు. ప్లాట్‌ఫారం చివర నిలబడి వచ్చిన ప్రతి మొహాన్నీ చూశాం. తమ్ముడు రాలేదు.

మర్నాటి నుంచి వెతుకులాట. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు తీసుకున్నారు గానీ మనుషులంతా బందోబస్తుకి పోయారు. గోడల మీద తమ్ముడి బొమ్మ అతికిస్తే మధ్యాహ్నానికి దాని మీద సమ్మె కాగితం పడేది. తేజ ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునే నవీన్ అనే అబ్బాయి తన మోటారుసైకిలు తెచ్చాడు. జనగామ వైపు వాళ్ళు. తేజని వెనక కూర్చోబెట్టుకుని ప్రతి పెద్దాసుపత్రికీ తిప్పాడు. మార్చురీ గుమ్మం దగ్గర తేజ ఆగిపోతే తనే లోపలికెళ్ళి చూసొచ్చి, "లేరు తేజా, అంకుల్ ఇక్కడ లేరు" అని చెప్పేవాడు. ఆ మాటకి మేం బతికేవాళ్ళం.

అప్పుడు తేజ గోధూళిలో రాశాడు: "మా నాన్నగారు కనబడటం లేదు." ఫొటో, కట్టుకున్న బట్టలు, ఫోన్ నంబరు. అంతే. చక్కగా రాశాడు. నేను చదివి కళ్ళు తుడుచుకున్నాను. వాడు మాత్రం మీటరు చూస్తున్నాడు.

"నలభై మంది, పెదనాన్నా. ఇంత ఊళ్ళో నలభై మంది చూశారు. ఎవడికి తెలుస్తుంది?"

మర్నాడు ఇంకో ముప్ఫై. తేజకి పిచ్చెత్తింది. తిండి మానేసి, బ్లాగుకి జనాన్ని ఎలా రప్పించాలో చెప్పే పేజీలన్నీ చదివాడు. శీర్షిక అదరాలన్నారట. దేని గురించి ఊరంతా మాట్లాడుకుంటోందో ఆ మాట పైన ఉండాలన్నారట. రసజ్ఞ వంటింట్లోంచి వచ్చేసరికి కొత్త శీర్షిక పెట్టేశాడు: "రైల్‌రోకోలో ఆంధ్రా పెద్దాయన మాయం! పట్టాల మీద ఏం చేశారు?"

"ఎవరు చేశారండీ? ఏం చేశారండీ?" అంది రసజ్ఞ. "మనకేం తెలుసని?"

"తెలీదు కనకే ప్రశ్నార్థకం పెట్టాను."

"ఒరేయ్," అన్నాను, "మా ఊళ్ళో ఒకాయనకి ఎద్దు తప్పిపోయింది. దండోరా వేయించబోతే డప్పువాడన్నాడు, ఎద్దంటే ఎవడూ రాడండీ, నాటకం వేస్తున్నారని చెప్పి పోగేద్దాం, పోగయ్యాక ఎద్దు సంగతి చెబుదాం అని. తాలూకా తాలూకా కదిలొచ్చింది. తెర ఏదీ, రాజు ఏడీ అని ఒకటే గోల. ఎద్దు మాట ఎవడూ వినలేదు. ఆ ఎద్దు కూడా నాటకం చూడ్డానికొచ్చి మొదటి వరసలో కూర్చుంది. అంత జనంలో దాని యజమానికి కనబడలేదు."

"పెదనాన్నా!" వాడు బల్ల మీద గుద్దాడు. "నాన్న ఎక్కడున్నాడో తెలీక నేను చస్తుంటే నీ కోతలేంటి?"

నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని కూర్చుంటే తమ్ముడే కళ్ళ ముందుకొస్తున్నాడు. అందుకే ఆ ఎద్దుని తోలుకొచ్చానని వాడికెలా చెప్పను?

శీర్షిక పనిచేసింది. మీటరు గిర్రున తిరిగింది. నలభై మంది చూసిన చోట వేలమంది చూశారు. చూసినవాళ్ళు ఊరుకుంటారా? "ఉద్యమం పేరుతో ముసలాళ్ళని చంపుతారా" అని ఒకడు. "మా మీద నింద వేస్తే నాలుక కోస్తం" అని ఒకడు. "ముల్లె సర్దుకో" అని ఒకడు. "హైదరాబాద్ కట్టింది మేం" అని ఇంకొకడు. నిజాము కాలం నుంచి నదీజలాల దాకా వెళ్ళారు. రామబ్రహ్మం ఏ రంగు చొక్కా వేసుకున్నాడని మాత్రం ఒక్కడూ అడగలేదు. అదాటున దూడ మీద కూడా పడ్డారు: "నీ దూడనెక్కి నీ ఊరికి పో."

ఆ పొద్దున నవీన్ వచ్చాడు. ఆ రోజు కాచిగూడ వైపు వెళ్దామని అనుకున్నారు. గుమ్మంలో నిలబడే తన ఫోన్లో ఆ పేజీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగుంది తేజా. చాలా హిట్లొస్తాయి," అన్నాడు.

"నవీన్, నా ఉద్దేశం అది కాదు..."

"మా తమ్ముడు ఆ రోజు జనగామలో పట్టాల మీద కూర్చున్నాడు. ఏం చేశాడో కనుక్కుని చెప్తాను." బండి తాళాలు జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. నంబరు పేజీ మీదే ఉంది కదా! తిట్టేవాళ్ళు, రెచ్చగొట్టేవాళ్ళు, "మీ పెద్దాయన నా దగ్గరున్నాడు, నా బ్లాగుకి లింకివ్వు చెబుతా" అన్న మహానుభావుడొకడు. తేజ ఆ ఫోను ఆపి సొరుగులో పడేశాడు. పేజీ కింద మాత్రం వ్యాఖ్యలు రాలుతూనే ఉన్నాయి. పేరు చెప్పనివాళ్ళందరి పేరూ ‘అజ్ఞాత’. ఊరంతటికీ ఒకటే పేరు. "దమ్ముంటే ఉస్మానియాకి రా" అని ఒక అజ్ఞాత. "దమ్ముంటే విజయవాడ రా" అని ఇంకో అజ్ఞాత.

తేజ కళ్ళు మండుతున్నాయంటే నేనే పైకి చదువుతున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. కూడబలుక్కుంటూ చదివాను: "ఫోన్ బంద్ వెట్టుకున్నవేంది? పెయ్యి మంచిగ లేదు. జల్ది రా. బోరబండ టేషన్ ఎన్క చాయ్ హోటల్ కాడ."

"ఇదిగో, నీ పెయ్యదూడ బాగాలేదట," అన్నాను. "బక్కచిక్కిందేమో. తోలుకొస్తే వీడు చాయ్ తాగిస్తాడట."

అన్ని రోజుల్లో మొదటిసారి రసజ్ఞ పెదవి కాస్త విచ్చుకుంది. తేజ నవ్వలేదు.

"స్టేషన్ వెనక్కి రమ్మంటున్నాడు. కొట్టడానికి." ఆ వ్యాఖ్యని తుడిచేశాడు. దాని పైదీ కిందిదీ తుడిచేశాడు. ఆఖరికి అసలు ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేకుండా తలుపు మూసేశాడు. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఇంట్లో గడిచిన కాలం నేను చెప్పలేను. బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటులో గోధూళి అందరికన్నా పైకెళ్ళింది. ఏ రాత్రీ నిద్రపోని తేజ ఆ పేరుని చూస్తూ కూర్చునేవాడు. "ఇంతమంది చూశారు పెదనాన్నా, ఒక్కడికైనా కనబడడా?" అని నన్నే అడిగేవాడు. ఊళ్ళో మరదలికి ఫోన్లో నేను అబద్ధాలు చెప్పాను. నా జీవితంలో చెప్పినవన్నీ ఒకెత్తు, ఇవొకెత్తు. "తమ్ముడు స్నానానికెళ్ళాడమ్మా" అన్నాను. "గుళ్ళో ఉన్నాడు" అన్నాను. ఆఖరికి ఆవిడే, "బావగారూ, ఆయన ఉన్నారా?" అంది. నేను కరెంటు పోయిందని ఫోన్ పెట్టేశాను. కరెంటుకీ ఫోనుకీ ఏం సంబంధమో ఆవిడ అడగలేదు.

నవీన్ని పిలుద్దామంటే తేజ ఒప్పుకోలేదు. మొహం ఎలా చూపించనన్నాడు. నాకు ఆ ఇబ్బంది లేదు, నా మొహానికి పాత కన్ను, కొత్త కన్ను రెండూ ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. బస్సుల్లేవు. కొంతదూరం ఆటోలో ఒకళ్ళ మీదొకళ్ళం కూర్చుని, కొంతదూరం నడిచి మణికొండ చేరాను. నవీన్ వాళ్ళది ఐదో అంతస్తు. కరెంటు లేక లిఫ్టు లేదు. మెట్టుమెట్టుకీ ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ ఎక్కాను.

తలుపు తీసింది వాళ్ళమ్మ గంగమ్మ. నేను ఎప్పుడూ చూడలేదు గానీ నవీన్ ముక్కే ఆవిడ ముక్కు.

"ఎవలు గావాలె?"

"నవీన్ కోసమమ్మా. తేజకి పెదనాన్నని."

ఆవిడ మొహం బిగుసుకుంది. అయినా పక్కకి తప్పుకుంది. "లోపల్కి రా అయ్యా. గింత ఎండల నడిసొచ్చినవ్. వానిదైతే పెయ్యి మంచిగ లేదు. పొద్దుగాల్సంది పండుకున్నడు."

నేను హాల్లోకి చూశాను. బాల్కనీలోకి చూశాను.

"పెయ్యదూడని ఐదో అంతస్తుకి ఎలా ఎక్కించారమ్మా? లిఫ్టు కూడా లేదే!"

"దూడేంది?"

"అదేనమ్మా, మీవాడి పెయ్య బాగాలేదన్నారుగా. మేత మారితే అలాగే నలత చేస్తుంది. మా ఊళ్ళో ఒక పెయ్య ఇలాగే..."

"అయ్యో, గిదేం కతనే!" ఆవిడకి నవ్వాగలేదు. "దూడ గాదయ్యా. పెయ్యి. పెయ్యంటే గిది." అరచేత్తో భుజం నుంచి మోచేతి దాకా నిమిరి చూపించింది. "మీరు ఒళ్ళంటరు గదా, గది. జెరమొచ్చింది పోరనికి, పెయ్యంత కాలుతున్నది."

మా ఊరి పెయ్య కథ నా నోట్లోనే ఆగిపోయింది. గోడ పట్టుకున్నాను. పెయ్యి మంచిగ లేదు. జల్ది రా. బోరబండ టేషన్ ఎన్క.

"ఏమైందయ్యా? నీళ్ళు గావాల్నా?"

"అమ్మా, మీవాణ్ణి లేపండి. కాళ్ళు పట్టుకుంటాను, లేపండి."

నవీన్ దుప్పటి కప్పుకునే వచ్చాడు. ఆ వ్యాఖ్య నేను నవ్వుకుంటూ చదివింది కనక ప్రతి అక్షరం గుర్తుంది. చెప్పాను. నవీన్ మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"పెద్దాయనకు పాణం బాగలేదు, జల్ది రాండ్రని రాసిన్రు. దాన్ని మీరు..."

"కొడతామని పిలుస్తున్నారనుకున్నాం నాయనా. చెరిపేశాడు."

"మూడేండ్లయింది నేను తేజ పక్కన కూసోబట్టి. పెయ్యంటే తెల్వదా వానికి?"

"వాడి దగ్గర నువ్వెప్పుడైనా అన్నావా ఆ మాట?"

"యాడంట పెద్దనాయినా. కొత్తల ఒకసారి ‘నేను ఎన్కకెల్లి వస్త’ అన్న, వెనకనుంచి అనేకాడ. ఫ్లోరంత నవ్విన్రు. గప్పటిసంది ఆఫీసుల మా ఇంటి మాట మాట్లాడుడే బంద్ వెట్టిన." దుప్పటి తీసి పక్కన పడేశాడు. "అమ్మా, బండి తాళాలియ్యి."

"జెరంతోని యాడికి పోతవ్ రా?"

"నాయినను పట్టుకొచ్చెటందుకు పోతున్న."

నన్ను వెనక ఎక్కించుకుని, రసజ్ఞకి ఫోన్ చేసి, బోరబండ తీసుకెళ్ళాడు. వాడి వీపు పెనంలా కాలుతోంది. మేం చేరేసరికి తేజ, రసజ్ఞ స్టేషన్ ముందు నిలబడి ఉన్నారు. తేజ నవీన్ని చూసి ఏదో అనబోయాడు. "తర్వాత," అన్నాడు నవీన్.

స్టేషన్ వెనక చాయ్ హోటల్ ఒకటే ఉంది. సగం తలుపు దించి ఉంది. లోపల గ్లాసులు కడుగుతున్నాయన పేరు వీరేశం. మెడలో గులాబీ కండువా. తేజ మొహం చూడగానే గ్లాసు కింద పెట్టాడు. పోలిక అంత ఉంది.

"నువ్వేనా గోధూళి?"

"అవునండి. మా నాన్న..."

"ఇన్నొద్దులకు యాదికొచ్చెనా నీకు నాయిన?"

తేజ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఉన్నారా అండీ? ఒక్కమాట చెప్పండి, ఉన్నారా?"

వీరేశం చేతులు విడిపించుకోలేదు. "ఉన్నడు. నడువు."

సందులో నడుస్తూనే చెప్పాడు. ఆ రోజు పట్టాల మీద కూర్చున్నవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఆగిన రైల్లోంచి జనం దిగి నడుస్తుంటే, కంకర మీద ఒక పెద్దాయన కూలబడ్డాడు. మూతి పక్కకి పోయింది. జై తెలంగాణ బ్యానరు గుడ్డ విప్పి, అందులో వేసుకుని నలుగురూ మోసుకొచ్చారు. పేరడిగితే చెప్పలేకపోయాడు. రెండే మాటలు, అవీ ముద్దముద్దగా. తేజ, గోధూళి.

"గోధూళంటే ఊరనుకున్నం. ఎవలనడిగినా గసొంటి ఊరు లేదనిరి. మా బిడ్డ భార్గవి ఉన్నది, అది ఫోన్ల కొట్టి చూసింది. ఒక్కసారి కొట్టంగనే దొరికింది నీ దూడ. పెద్దాయన ఫొటో గూడ దొరికింది. ఇగ సంబురమైంది మాకు. నీకు ఫోన్ చేసినం, బంద్. మల్ల చేసినం, బంద్. కింద రాయమని చెప్తే బిడ్డ రాసింది. పొద్దుగాల చూస్తే తుడిసేసినవ్. మల్ల రాద్దామంటే రాయనియ్యకపోతివి."

"బెదిరింపనుకున్నానండి. మా నాన్న గురించని ఎక్కడా లేదు..."

వీరేశం సందు మధ్యలో ఆగాడు. "నీ నాయిన తప్పిపోయిండని నువ్వే రాస్తివి. దాని కింద నీ నాయిన గురించి గాక ఎవల నాయిన గురించి రాస్తరయ్యా?"

ఆయన మళ్ళీ నడక అందుకున్నాడు.

"ఏం చేసిన్రు అని పెద్దగ రాసినవ్ గదా పైన. మోసినం. గదే చేసినం."

ఆ బస్తీలో అది చిన్న దవాఖాన. ఆరు మంచాలు. కిటికీ పక్క మంచం మీద మా తమ్ముడు. సగానికి సగం అయిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను ఎదురుగా నిలబడితే నా మీదకి వచ్చాయి, ఆగాయి. గుర్తుపట్టాడు. పట్టాడనే అనుకుంటున్నాను. వీరేశం భార్య కాబోలు, చెంచాతో జావ పోస్తున్నావిడ లేచి రసజ్ఞకి ఆ స్టూలిచ్చింది.

డాక్టరమ్మ తేజని బయటికి పిలిచి గబగబా అడిగింది. షుగరుందా? రక్తం పలచనయ్యే మాత్రలేమైనా వేసుకుంటారా? ఇంతకుముందెప్పుడైనా ఇలా వచ్చిందా? రసజ్ఞ అన్నిటికీ జవాబు చెప్పింది. ఆ జవాబులు వింటూ డాక్టరమ్మ నుదురు నొక్కుకుంది.

"ఇవేవీ తెలీకే ఏ మందు వేస్తే ఏమవుతుందోనని కూర్చున్నాం. సంతకం పెట్టడానికి ఇంటివాళ్ళుంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపేదాన్ని. ఇప్పుడు కుడిచెయ్యి గురించి నేను మాటివ్వలేను. మెదడులో వాపున్నట్టుంది. ముందు మనిషి నిలబడాలి. అంబులెన్సుకి చెప్పాను, దారిలో ధర్నాలు లేకపోతే వస్తుంది."

వీరేశం అప్పటికే ఫోనందుకున్నాడు. "మన పోరగాండ్లను చౌరస్తా కాడ నిలవడుమను. అంబులెన్స్ రావాలె, ధర్నా జర పక్కకు జరపుమను," అని ఎవరికో చెబుతున్నాడు. నవీన్ జ్వరంతోనే బండెక్కి చౌరస్తాకి పోయాడు.

తేజ మెట్ల మీద కూలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచని మనిషి చేతులు తెలిసిన పనికే పోతాయి. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీశాడు. దూడ తెరుచుకుంది. మీటరు తిరుగుతూనే ఉంది. పాత శీర్షికని మొదలంటా చెరిపేశాడు. చెరిపాక ఒక్కో అక్షరం పెట్టుకుంటూ కొట్టడం మొదలెట్టాడు. బోరబండలో వీరేశంగారనే...

వీరేశం వెనకనుంచి వంగి చూశాడు. "ఏం రాస్తున్నవ్?"

"నాన్న దొరికారని. రైలాపినవాళ్ళే కాపాడారని. అందరికీ తెలియాలండి. నేను రాసినది తప్పని తెలియాలి."

"రాస్తువు గని, కాపాడినమని ఎట్ల రాస్తవ్? మనిషి ఇంక లోపల్నే ఉన్నడు గద. బయటవడ్డంక రాయి."

"మరి ఇప్పుడేం రాయను?"

"ఇప్పుడేం రాయకు. రాసుడు బంద్ వెట్టి లోపల్కి పో. చెయ్యి వట్టుకొని కూసో." తేజ కదలకపోతే ల్యాప్‌టాప్ మూత ఆయనే మూశాడు, నెమ్మదిగా, నిద్రపోయిన పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు. "పో బిడ్డా. నిన్ను పిలిచి పిలిచి అలసిండు ఆయన."

తేజ లోపలికెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాడు మంచానికి కిటికీ వైపు మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరగా ఉన్న చెయ్యి అందుకున్నాడు. కుడిచెయ్యి. "నాన్నా, నేను. నాన్నా, తేజని," అంటూ దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని నొక్కాడు, నిమిరాడు, చెంపకి ఆనించుకున్నాడు. ఆ చేతిలో ఏ కదలికా లేదు. వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

మంచానికి గుమ్మం వైపు దుప్పటి మీద ఇంకో చెయ్యి దేనికోసమో తడుముతోంది.

"అటు కాదురా," అన్నాను. "ఇవతలికి రా."

వాడు లేచి మంచం చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాడు.